చెవిలో బేరం

ఏరు కట్ట తెంచుకుని ఊళ్ళోకి వచ్చిన ఏడాది అది. ఆసుపత్రి కింది అంతస్తులో నడుము లోతు బురదనీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక గోడల మీద మరక అలాగే ఉండిపోయింది. ఎముకల వార్డును కడిగారు గానీ ఆరనివ్వలేదు. మంచాలన్నీ తెచ్చి నడవాలో వరసగా వేశారు. గోడ వైపు తలలు, జనం నడిచే వైపు కాళ్ళు. వచ్చేపోయేవాళ్ళంతా విరిగిన కాళ్ళను రాసుకుంటూ నడిచేవాళ్ళు.

కొలిమాయన కాలు తీసేసిన రోజున మేస్త్రి ఆ నడవాలోనే ఉన్నాడు.

కొలిమాయనది ఇనుప పని. వరదలో దూలం కాలి మీద పడి మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషను చేసి కలిపితే నడుస్తాడని మొదటి రోజే డాక్టరు చెప్పాడు. తర్వాత థియేటరు తడిసిందన్నారు. అది ఆరాలన్నారు. అది ఆరేలోపు కాలు వాచింది, రంగు మారింది, చివరికి వాసన వచ్చింది. ఆ ఉదయం బండి మీద తోసుకుపోయి, మధ్యాహ్నానికి తెచ్చి పడుకోబెట్టారు. దుప్పటి ఒక పక్క ఎత్తుగా ఉంది, ఒక పక్క చదునుగా ఉంది. కాలు తీసేయడానికి కట్లు కట్టే చిన్న గది సరిపోయింది. కలపడానికే థియేటరు కావాల్సి వచ్చింది.

మేస్త్రికి ఒక సంగతి అంతు పట్టలేదు. కొలిమాయన నోరున్నవాడు. రెండుసార్లు చక్రాల కుర్చీలో, రోగుల ఫిర్యాదులు వినే సలహా గదిలోకి వెళ్ళాడు. లోపలికి వెళ్ళేటప్పుడు ఎగిరిపడుతూ వెళ్ళినవాడు, బయటికి వచ్చేటప్పుడు మెత్తబడి వచ్చాడు. ఏమన్నారని అడిగితే, "చూస్తామన్నారు" అని ముఖం తిప్పుకున్నాడు. అంత కేకలేసే మనిషి కాలు కుళ్ళుతున్నా కిక్కురుమనలేదంటే ఆ గదిలో ఏదో ఉంది.

మేస్త్రి అంటే గోదాముల దగ్గర బస్తాలు మోసే జట్టుకు పెద్ద. తల నెరిసింది, వీపు ఇంకా వంగలేదు. ఆయన నోరు తెరవాలంటే తాళంచెవి కావాలని జట్టు వాళ్ళు వెక్కిరిస్తారు. ఆయన జట్టులో ఒక కట్టుబాటు ఉంది. షావుకారు బేరాన్ని అందరి మధ్యా నిలబడి గట్టిగా చెప్పాలి. అందరూ విన్నాకే బస్తా మీద చెయ్యి పడుతుంది. ఎవడైనా పక్కకు పోయి షావుకారుతో గుసగుసలాడితే అది చెవిలో బేరం. అలా చేసినవాణ్ణి తిట్టరు, కొట్టరు. వాడి వీపు మీదికి బస్తా ఎత్తరు, అంతే. ఎంత కండ ఉన్నవాడైనా నిండు బస్తాను తన వీపు మీదికి తానే ఎత్తుకోలేడు. ఇద్దరు పట్టి ఎక్కించాలి. వాడు సాయంత్రం దాకా బస్తా పక్కన దిష్టిబొమ్మలా నిలబడి ఇంటికి పోతాడు.

మేస్త్రి తమ్ముడిదీ అదే జట్టు. వరద రోజున గోదాములో తడిసిన బస్తాల నెట్టు కూలి తొడ మీద పడింది. కొలిమాయన పక్క మంచమే అతనిది. ఆ మధ్యాహ్నం నర్సమ్మ వచ్చి అతని బొటనవేలు నొక్కింది.

"తెలుస్తోందా?"

"కొంచెం తెలుస్తోందమ్మా."

"నిన్న బాగా తెలుస్తోందన్నావు."

తమ్ముడు పక్క మంచం మీది చదును వైపు చూసి కళ్ళు మూసుకున్నాడు. మేస్త్రి నర్సమ్మ వెనకే నాలుగడుగులు నడిచాడు.

"ఈ కాలికి ఇంకా ఎన్నాళ్ళుంది?"

"నన్నడక్కండి పెద్దాయనా. అడిగేవాళ్ళ కోసం సలహా గది పెట్టారు కదా."

ఆ మాట ఎగతాళిగా అందో మామూలుగా అందో ఆమె ముఖంలో తెలియలేదు.

సలహా గది నడవా చివర ఉంది. రోగుల సలహా, సహాయ కేంద్రం అని బోర్డు. కింద, మీ మాట మేము వింటాం అని ఇంకో వరస. నీళ్ళొచ్చినా ఆ బోర్డుకు మరక పడలేదు. కొత్తగా రాయించినట్టున్నారు. మేస్త్రి, మరదలు కలిసి వెళితే తలుపు దగ్గరే ఆపారు.

"ఒక్కరే రండి. మీ ఇంటి విషయం ఇంకొకరు వినకూడదు కదా" అంది లోపలి మేడమ్.

"ఈవిడ వాడి భార్యేనమ్మా."

"అయినా సరే, పద్ధతి."

లోపల మేడమ్ కుర్చీ కాక ఇంకొక్క కుర్చీయే ఉంది. తలుపు మూశాక బయటి మూలుగులు వినపడటం ఆగిపోయింది. మేడమ్ మంచినీళ్ళ గ్లాసు ముందు పెట్టింది. ఓపిగ్గా అంతా విన్నది. మధ్యలో అయ్యో అంది. మేస్త్రికి ఇన్నేళ్ళలో ఏ ఆఫీసులోనూ ఎవరూ అయ్యో అనలేదు. అందుకే ఆయన నీళ్ళు ముట్టుకోలేదు.

"మీ పని అయింది" అంది మేడమ్, బల్ల వైపు చూస్తూ. "రేపు పొద్దున మొదటి ఆపరేషను మీ తమ్ముడిదే. పై అంతస్తులోని థియేటరు తెరిపిస్తున్నాం. ఈ సాయంత్రం పై అధికారి వస్తున్నారు. ఇబ్బందులేమన్నా ఉన్నాయా అని అందరి ముందూ అడుగుతారు. మీరేమీ అనకండి. అంటే వరస తారుమారవుతుంది."

"మిగతావాళ్ళో?"

"వాళ్ళ సంగతి మీకెందుకండీ. మీ తమ్ముడి కాలు చూసుకోండి. ఈ మాట మన మధ్యే ఉంచండి."

మేస్త్రి లేచాడు. సరే అనలేదు, కాదనీ అనలేదు. కానీ తల ఊగింది. అది తన తలేనా అని తర్వాత చాలాసేపు ఆయనకే అనుమానం వచ్చింది.

బయట మరదలు చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "ఏమన్నారు బావగారూ?"

చెప్పాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నోరు మెదపకండి. మీరెటూ మాట్లాడరు. ఇవాళ్టి కోసమే మీకా గుణం వచ్చింది అనుకోండి."

అక్కణ్ణుంచి నడవా వేరేలా కనపడింది మేస్త్రికి. నిన్నటి దాకా ఒకరి టీ ఒకరు తాగినవాళ్ళు. ఒకరి రోగిని ఇంకొకరు పక్కకు తిప్పినవాళ్ళు. ఇవాళ ఎవరి మంచం దగ్గర వాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. కుట్టుమిషను అక్క ఉంది. తుంటి విరిగిన తల్లిని వరద రోజున వీపున వేసుకుని తెచ్చిన మనిషి. నడవాకంతటికీ తలలో నాలుక. ఆమె పొద్దున సలహా గదిలోంచి వచ్చినప్పటి నుంచి తల ఎత్తలేదు. కాలు విరిగి జ్వరం పట్టిన లారీ డ్రైవరు పడుకునే పాటలు పాడేవాడు, ఇవాళ పాడలేదు. అతని తమ్ముడు పొద్దున ఆ గదిలోకి వెళ్ళొచ్చాడు.

జట్టులో పొట్టోడు ఉన్నాడు, మేస్త్రికి కుడిచెయ్యి లాంటివాడు. తమ్ముణ్ణి చూడటానికి జట్టుతో వచ్చి మేస్త్రిని గోడ పక్కకు లాగాడు.

"ఇక్కడేదో జరుగుతోంది మేస్త్రీ. కుట్టు అక్కను పలకరిస్తే తల తిప్పుకుంది. డ్రైవరు తమ్ముడు నన్ను చూసి నిద్ర నటిస్తున్నాడు. వీళ్ళంతా అమ్ముడుపోయారు. సాయంత్రం అధికారి వస్తే మన మీదే చెప్తారేమో, చూస్తూ ఉండు."

"ఏం చెప్తార్రా?"

"ఏమో. జట్టు వచ్చి గొడవ చేస్తోందంటారు. అమ్ముడుపోయినవాళ్ళ ముఖం నాకు తెలుసు. కళ్ళల్లోకి చూడరు."

మేస్త్రి అతని కళ్ళల్లోకి చూడబోయి చూడలేకపోయాడు. తువ్వాలు దులిపి భుజం మార్చుకున్నాడు. పొట్టోడు ఆ తువ్వాలు వైపు చూసి, వెళ్ళి జట్టులో కలిశాడు.

ఎండ నడవా దాటి గోడెక్కింది. మేస్త్రి తమ్ముడి కాలి దగ్గర కూర్చుని బొటనవేలు నొక్కాడు. గోరు ఎర్రబడటం ఆలస్యమవుతోంది. రేపు పొద్దున్నే అన్నారు. ఆ ఒక్క మాట నిజమైతే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. మరి నిజమైతే చెవిలో ఎందుకు చెప్పారు? షావుకారు న్యాయమైన కూలి ఇచ్చే రోజున ఎప్పుడూ పక్కకు పిలవలేదు. పక్కకు పిలిచిన ప్రతిసారీ ఎవడికో ఒకడికి ఎగనామం పెట్టాడు. ఎవడికి అన్నదే తేలాలి. ఆయన తల తిప్పి కొలిమాయన దుప్పటి చూశాడు.

సాయంత్రం పై అధికారి వచ్చాడు. పక్కన సూపరింటెండెంటు, వెనక సలహా మేడమ్, ఇంకా వెనక బంట్రోతులు. నడవా మధ్యలో అధికారికి కుర్చీ వేశారు. రోగుల మనుషులంతా మంచాల పక్కన నిలబడ్డారు. జట్టు గోడ వెంబడి నిలబడింది.

"ఎవరికైనా ఇబ్బంది ఉంటే భయపడకుండా చెప్పండి" అన్నాడు అధికారి.

ఎవరూ పలకలేదు.

"మందులు అందుతున్నాయా? ఆపరేషన్లు ఆలస్యమవుతున్నాయా?"

ఎక్కడో ఒక మంచం కిర్రుమంది. సూపరింటెండెంటు చేతులు కట్టుకుని నవ్వాడు. "ఏదున్నా మా సలహా కేంద్రంలో ఎప్పటికప్పుడు తీరిపోతోందండీ. వరదొచ్చినా ఒక్క ఫిర్యాదు లేదు."

మేస్త్రి కదిలాడు. మరదలు వెనకనుంచి తువ్వాలు పట్టుకుంది. తువ్వాలు ఆమె చేతిలో వదిలేసి ఆయన ముందుకొచ్చాడు. కానీ అధికారి వైపు తిరగలేదు. ఆయనకు వీపు పెట్టి, గోడ పక్కనున్న జట్టు వైపు తిరిగాడు.

"నేను చెవిలో బేరం చేశాను" అన్నాడు.

పొట్టోడు నోరు తెరిచాడు.

"రేపు పొద్దున మొదట మా తమ్ముడికే ఆపరేషను అన్నారు. సాయంత్రం నోరు మూసుకుంటేనే అన్నారు. తల ఊపి వచ్చాను. మీలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నలుగురిలో చెప్తున్నాను. ఇక మీ ఇష్టం."

"ఎవరీయన? పక్కకు తీసుకెళ్ళండి" అన్నాడు సూపరింటెండెంటు. ఇద్దరు బంట్రోతులు కదిలారు.

అప్పుడు దుప్పటి కిందనుంచి కొలిమాయన గొంతు వినపడింది. ఆ గొంతు ఇదివరకటిలా లేదు.

"నాకూ అదే మాట. రేపు పొద్దున మొదటివాడివి నువ్వే, ఎవరికీ చెప్పకు అన్నారు. రెండుసార్లు అన్నారు. నేనూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఇదిగో, ఇలా పడుకున్నాను."

బంట్రోతులు ఆగిపోయారు.

కుట్టు అక్క తన తల్లి మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. "నాతోనూ అన్నారు. మీ అమ్మదే మొదటిది అన్నారు. ఇవాళ పొద్దున్నే."

"మాకూ" అన్నాడు డ్రైవరు తమ్ముడు. మంచం మీద డ్రైవరు వాడి వైపు తిరిగాడు. "నాకు చెప్పలేదేంరా?" "నీతో కూడా అనొద్దన్నారు అన్నా."

అటు చివర ఇంకొకరు చెయ్యెత్తారు. ఇటు చివర ఇంకొకరు. పొద్దుటి నుంచి ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళంతా ఇప్పుడు తలలు తిప్పి చూసుకున్నారు. డ్రైవరు జ్వరంలోనే నవ్వాడు.

"ఇంతమందిమీ మొదటివాళ్ళమేనా? ఆ ఆపరేషను బల్ల మీద ఎట్లా పడుకుంటామయ్యా? బస్తాల్లాగా ఒకరి మీద ఒకర్ని నెట్టు కడతారా?"

నవ్వు నడవా అంతా పాకింది. అది మంచి నవ్వు కాదు. పొట్టోడు సలహా మేడమ్ మీదికి వెళ్ళాడు. "అయ్యో అయ్యో అంటూ గొంతు కోస్తావా?"

మేడమ్ గోడకు అంటుకుపోయింది. మేస్త్రి అడ్డం వచ్చాడు.

"వదులు. ఆవిడ వీపు మీదికి ఆ బస్తా ఎత్తిందెవరో అడుగు."

"ఎవరికి ఏం చెప్పాలో నాకు పొద్దున్నే చెప్తారు" అంది మేడమ్. "ఒకరితో అన్నది ఇంకొకరికి తెలియకూడదని నేర్పారు. నాదీ ఎప్పుడు తీసేస్తారో తెలియని ఉద్యోగమే."

"ఎవరు చెప్తారు?" అంది కుట్టు అక్క.

మేడమ్ నోటితో చెప్పలేదు. ఆమె కళ్ళు సూపరింటెండెంటు దాకా వెళ్ళి దిగిపోయాయి. అందరూ ఆ కళ్ళ వెంటే చూశారు. అయినా మేస్త్రికి ఆమె మీద నమ్మకం కుదరలేదు. పట్టుబడ్డాక చెప్పే నిజాన్ని ఆయన ఎప్పుడూ సగమే లెక్కలోకి తీసుకుంటాడు.

పై అధికారి గొంతు సవరించుకున్నాడు. "చూడండి, ఆవేశపడితే పనులు కావు. నేను ఆ గదిలో కూర్చుంటాను. ఒక్కొక్కరే వచ్చి విడిగా మాట్లాడండి."

"ఆ గదిలో ఒకటే కుర్చీ ఉందండి" అంది కుట్టు అక్క. "మేం పట్టం. మీరు అడిగేది ఇక్కడే అడగండి, మేం చెప్పేది ఇక్కడే చెప్తాం."

"ఇక్కడే, ఇక్కడే" అన్నారు జనం.

సూపరింటెండెంటు ముఖం ఎర్రబడింది. "థియేటరు తడిస్తే నేనేం చేయను?"

అప్పటిదాకా మందుల బండి వెనక నిలబడ్డ నర్సమ్మ ముందుకొచ్చింది. "పై థియేటరు తడవలేదు సార్. పై అంతస్తు ప్రత్యేక గదుల వాళ్ళకు అందులో రోజూ ఆపరేషన్లు అవుతున్నాయి. డాక్టరుగారు రోజూ పొద్దున్నే వస్తున్నారు."

"ఆ థియేటర్లో మిషన్లు మేమే మోసి పెట్టాం కదా" అన్నాడు పొట్టోడు. "అక్కడికి నీళ్ళెక్కితే ఈ ఊరు ఇవాళ ఉండేది కాదు."

"తడవలేదు సరే" అన్నాడు సూపరింటెండెంటు, అధికారి వైపు తిరిగి. "లిఫ్టు చెడిపోయిందండీ. ఈ విరిగిన కాళ్ళవాళ్ళని పైకి ఎలా చేర్చను? అన్ని మెట్లు. మంచంతో సహా మోసే మనుషులు నాకెక్కడున్నారు? అదొక్కటే అడ్డం. లేకపోతే రేపే చేయించనా?"

అధికారి ఆలోచించి తల ఊపాడు. "అదీ నిజమే."

గోడ వెంబడి జట్టులో ఒకడు కిసుక్కున నవ్వాడు. తర్వాత అందరూ. మేస్త్రి నవ్వలేదు.

"మెట్లేనా అడ్డం?" అని అడిగాడు.

"మెట్లే."

"ఇంకేం లేదు కదా?"

"చెప్పానుగా, లేదు."

మేస్త్రి జట్టు వైపు తిరిగాడు. "అందరూ విన్నారు కదా. బేరం నలుగురిలో అయింది."

విచారణ జరిపిస్తానని చెప్పి అధికారి వెళ్ళిపోయాడు. సూపరింటెండెంటు పోలీసు స్టేషనుకు ఫోను చేయడం కిటికీలోంచి అందరికీ వినపడింది. మెట్ల మొదట్లో ఉన్న ఇనప తలుపుకు బంట్రోతు గొలుసు వేసి, తాళం వేసి, లాగి చూసుకున్నాడు.

మంచాల మధ్యనే జనం గుంపుగా కూర్చున్నారు. పొద్దున పైకి మోసేటప్పుడు ముందు ఎవరి మంచం లేవాలన్నది తేల్చాలి. మొదట అందరూ తమ మంచమే అన్నారు. మా అమ్మ ముసలిది అంది కుట్టు అక్క. మావాడికి పిల్లలున్నారు అన్నారు ఇంకొకరు. గొంతులు లేచాయి. పొద్దుటి అనుమానం మళ్ళీ వాళ్ళ మధ్యకు వచ్చి కూర్చునేలా ఉంది.

"నర్సమ్మను అడుగుదాం" అన్నాడు కొలిమాయన. "ఆలస్యమైతే ఎవరి కాలు ముందు పోతుందో వాళ్ళదే మొదటి మంచం. నా మాట వినండి. ఈ విషయంలో నాకంటే తెలిసినవాడు లేడిక్కడ."

నర్సమ్మ ఒక్కో మంచం దగ్గర ఆగింది. డ్రైవరుదే మొదటిది అంది. మేస్త్రి తమ్ముడు రెండు. కుట్టు అక్క తల్లి మూడు. అలా చివరిదాకా చెప్పింది. కుట్టు అక్క కళ్ళు తుడుచుకుని సరే అంది.

మరదలు లేచి నిలబడింది. "చేతికొచ్చిన వరస పోగొట్టారు బావగారూ. మొదట మీ తమ్ముడికే అన్నారు కదా. మీ నోటితో మీరే తీసి అవతల పారేశారు. ఇన్నేళ్ళూ మూసుకున్న నోరు ఇవాళే తెరవాలా?"

మేస్త్రికి ఆమె మాటలో అబద్ధం కనపడలేదు. రేపు పోలీసులు మొదటి మంచం దగ్గరే ఆపేస్తే తమ్ముడి కాలు ఏమవుతుందో ఆయనకూ తెలుసు.

"ఊరుకో" అన్నాడు తమ్ముడు మంచం మీదనుంచి. "వరస ఎక్కడొచ్చింది మన చేతికి? కొలిమన్న చేతికీ వచ్చిందిగా."

ఆమె పక్క మంచం వైపు చూసింది. తర్వాత చేతిలో నలిగిపోయిన తువ్వాలు తెచ్చి బావగారి ముందు పెట్టింది.

తెల్లారింది. జట్టంతా వచ్చింది. పగ్గాలు తెచ్చుకున్నారు, భుజాల కింద పెట్టుకునే గోనె మెత్తలు తెచ్చుకున్నారు. ఏటి రేవులో మోసే జట్టు వాళ్ళు కూడా కబురు విని వచ్చారు, పిలవకుండానే. గేటు దగ్గర పోలీసు వ్యాను ఆగింది.

మెట్ల దగ్గరికి ముందుగా వెళ్ళిన పొట్టోడు పరుగున తిరిగొచ్చాడు. "మేస్త్రీ, గొలుసు లేదు. తలుపు బార్లా తీసుంది."

మేస్త్రి వెళ్ళి చూశాడు. తాళం ఒక పక్క పడి ఉంది. పగలగొట్టింది కాదు, తాళంచెవితో తీసింది. నడవా చివర సలహా గది తలుపు తెరిచి ఉంది. లోపలి కుర్చీ బయట జనం మధ్యలో వేసి ఉంది. మేడమ్ ఎక్కడా లేదు.

"ఆవిడే తీసుంటుంది" అంది కుట్టు అక్క.

"లేకపోతే పైన లాఠీలతో కాచుక్కూర్చుని మనల్ని ఎక్కమంటున్నారేమో" అన్నాడు పొట్టోడు.

మేస్త్రి మెట్ల పైకి చూశాడు. మలుపు దాకానే కనపడుతుంది. ఆ పైన చీకటిగా ఉంది.

"కావచ్చు" అన్నాడు. "ఎక్కాకే తెలుస్తుంది."

కొలిమాయన మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. "నన్నూ తీసుకెళ్ళండి. నాకు ఆపరేషను ఏమీ వద్దు. థియేటరు తలుపు దగ్గర దించండి చాలు. డాక్టరు నన్ను దాటుకునే లోపలికి పోవాలి."

"చివరి మంచం నీదే" అంది కుట్టు అక్క.

ఇన్‌స్పెక్టరు మనుషులతో వచ్చి మెట్ల మొదట్లో అడ్డంగా నిలబడ్డాడు. ఎవరైనా మంచం కదిలిస్తే లోపలేస్తానన్నాడు. మీలో పెద్ద ఎవడని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. పెద్ద ఒక్కడు ముందుకొస్తే కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. ఎవరూ వెళ్ళలేదు.

మేస్త్రి తువ్వాలు తలకు చుట్టాడు. తమ్ముడి మంచం దాటుకుంటూ వెళ్ళాడు. దాటేటప్పుడు ఆ బొటనవేలు మీద చెయ్యి వేసి తీశాడు. డ్రైవరు మంచం తల వైపు గొంతుక్కూర్చుని, పట్టె కింద భుజం పెట్టాడు. అటు పొట్టోడు, కాళ్ళ వైపు రేవు జట్టు వాళ్ళు. కుట్టు అక్క మంచం పక్కన డ్రైవరు కాలు కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. మరదలు వచ్చి ఇంకో పక్క పట్టుకుంది.

ఎత్తే ముందు కేక వేసేది ఎప్పుడూ పొట్టోడే. ఆ పొద్దున మేస్త్రే వేశాడు. మంచం లేచింది. వీధుల్లో బస్తాతో పోయేటప్పుడు జట్టు వాళ్ళు జనాన్ని తొలగమని అరిచే మాట ఒకటుంది. ఇన్‌స్పెక్టరు చొక్కా గుండీల మీదికి నడుస్తూ ఆయన ఆ మాటే అన్నాడు.

"తప్పుకోండి. బరువొస్తోంది."